లెన్సు మీద ఆముదం

కిందటేడు మే నెల. బిలాస్‌పూర్‌లో కూలర్లు కూడా వేడి గాలే విసిరే రోజులు. గోల్ బజార్‌లో నాది కళ్లద్దాల కొట్టు. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు కొలిచి అద్దాలూ కాంటాక్ట్ లెన్సులూ అమర్చేవాణ్ణి. డాక్టర్ని కాదు. చుట్టాలంతా కొట్లవాళ్లే కావడంతో బేరం లేనిదే నాకు పొద్దు గడవదు. కొత్తిమీర దగ్గర కూడా బేరమాడి, గెలిచానని ఇంటికొస్తాను. అది వాడిపోయిన కట్టని మా ఆవిడ విప్పి చూపిస్తుంది.

ఆ మధ్యాహ్నం లావణ్య వాళ్ల మామ్మని వెంటబెట్టుకుని వచ్చింది. బొబ్బిలి వైపు నుంచి వచ్చి తాతల కాలంనుంచీ రైల్వేలో ఉన్న కుటుంబం వాళ్లది. ఈ పిల్ల రైళ్లలో టికెట్లు తనిఖీ చేస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్న కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అంకుల్, ఎరుపు పోయే డ్రాప్స్ ఏవైనా చెప్పండి. సోమవారంలోపు తెల్లబడిపోవాలి, బస్."

సోమవారం ఏముందని అడిగాను. టికెట్ లేని ఒకాయనకి ఫైన్ వేస్తే, ఈవిడ తాగి డ్యూటీ చేస్తోందని ఫిర్యాదు పెట్టాడట. చూపించిన రుజువు ఈ కళ్లే. సోమవారం ఆఫీసర్ ముందు నిలబడి జవాబు చెప్పాలి.

"తాగడమేటి బాబూ! టీ తాగితేనే దీనికి నిద్దరట్టదు," అంది మామ్మ.

ఎరుపు పోగొట్టే చుక్కలు దాన్ని కాసేపు దాస్తాయంతే, మానేశాక ఇంకా ఎర్రబడుతుందని చెప్పాను. లెన్సున్న కంట్లో అసలు వేయకూడదు. ముందు పరీక్షించి లెన్సులు తీయించేస్తానంటే పిల్ల మొహం మాడ్చుకుంది.

"అద్దాలు పెట్టుకోమంటారా? స్కూల్లో అందరూ సోడాబుడ్డి అనేవాళ్లు అంకుల్."

స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టాను. గడ్డం ఆనిస్తే, సన్నటి వెలుగు చారలో కంటిని పెద్దది చేసి చూపించే యంత్రమది. మామూలుగా కన్నీరు లెన్సు మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఈ పిల్ల లెన్సు మీద మాత్రం, నూనె పళ్లెంలో నీళ్లలా, చుక్కలు చుక్కలుగా విడిపోతోంది.

"కంట్లో ఏమైనా వేస్తున్నావా అమ్మా?"

"ఏమీ లేదంకుల్."

"ఏమీ లేదేటే?" మామ్మ ముందుకొచ్చింది. "రోజూ పడుకునే ముందు నాను ఆముదం ఏత్తన్నాను కదా! వేడి సేసింది బాబూ, సలవ సేత్తాదనీ."

"అదేం మందు కాదు కదా మామ్మా!" అంది లావణ్య.

ఆ మాటతో మిగతాదీ బయటపడింది. డ్యూటీలో మంట పుడితే కంట్లో గులాబ్ జల్, అంటే పన్నీరు. "అందరూ వేసుకుంటారంకుల్, ఠండా ఉంటుంది." అదీ లెన్సు తీయకుండానే. అలసిపోయిన రోజున లెన్సులతోనే నిద్ర. అంటే బొబ్బిలి చలవా ఛత్తీస్‌గఢ్ చలవా కలిసి ఒకే లెన్సు మీద కాపురం పెట్టాయన్నమాట.

ఆముదం లెన్సుకి పట్టేసి పోదని చెప్పగానే మామ్మ నా వైపు తిరిగింది. "అయితే నా సేత్తోనే దాని కళ్లు పాడు సేసినానేటి?"

కొట్లో ఇంకో ఇద్దరు వింటున్నారు. నాలుక చివర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కానీ ఆవిడ మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లలోకి చూస్తోంది. ఉపన్యాసం మింగేసి బేరానికి దిగాను.

"ఆముదం మానొద్దు మామ్మగారూ. మాడుకి పెట్టండి, అరికాళ్లకి రాయండి. కళ్లు మాత్రం వదిలెయ్యండి."

"ఒక్క సుక్కయినా?"

"అర చుక్క కూడా లేదు."

"పోనీ రెప్పల మీద?"

"కుదరదు."

"గట్టి పిండానివే! అయితే అరికాళ్లకి రెండు పూట్లా రాత్తాను."

రెండో పూట నేనివ్వలేదు, ఆవిడే కలిపేసుకుంది. బేరం ఆవిడదే.

లెన్సులు తీయించి, సాయంత్రమే తెలిపారా పేటలో ఉన్న కంటి డాక్టరమ్మ దగ్గరికి పంపాను. అదృష్టం, పుండు పడలేదు. నల్లగుడ్డు పైపొర ఎండి గీరుకుపోయింది. తను చెప్పేదాకా లెన్సులు ముట్టొద్దని, కన్నీటిలాంటి చుక్కలు రాసిచ్చారావిడ.

సోమవారం లావణ్య సోడాబుడ్డి అద్దాలతో, ఇంకా పూర్తిగా తగ్గని ఎరుపుతోనే ఆఫీసర్ ముందుకెళ్లింది. ఆముదంతో సహా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న తోటివాళ్లూ ఆమె తరఫున మాట్లాడారు. ఫిర్యాదు కొట్టేశారు. ఇప్పుడు రైల్లో అద్దాలు, డాక్టరమ్మ సరేనన్నాక ఫంక్షన్‌కి మాత్రం కాసేపు లెన్సులు.

కంట్లో ఏమైనా వేస్తున్నారా అని ఇప్పుడు నేనడగను. మీ ఇంట్లో కళ్లు మండితే ఏం చేస్తారంటాను. తేనె, కాటుక, ఉల్లిరసం, అన్నీ బయటికొస్తాయి. ఒక్కోసారి కోపమొస్తుంది, ఆపుకుంటాను. ఆ మధ్యాహ్నం మామ్మని నలుగురిలో దులిపేసి ఉంటే ఆముదం వేయడం మానేది కాదు. నాకు చెప్పడం మానేసేది.