తీర్పు దాకా దాచిన శాలువా

మొన్న శుక్రవారం పొద్దున్నే పక్కింటి అత్త గోడ మీదుగా పిలిచి, "కోడలా, మీ మామ లేయడంలేదు" అంది. నమాజుకు లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలిందట. గిద్దలూరులో మా సందంతా మిలిటరీ మామ అని పిలుచుకునే మనిషి నిద్రలోనే వెళ్ళిపోయారు. వాళ్ళది మసీదు, మాది రామాలయం. అయినా వరస కలిపి మామా అన్నాక ఏడుపు ఆగుతుందా? ఏడ్చాను. ఏడుస్తూనే నా నెట్ సెంటర్ వైపు చూశాను. అక్కడి బీరువాలో ఒక శాలువా ఉంది. దాని సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మామ సైన్యంలో లారీ డ్రైవరు. మా వైపు మిలిటరీకి పోయినవాళ్ళు లేని ఊరు అరుదు కాబట్టి అందులో వింతేమీ లేదు. ఆయన కొన్నాళ్ళు శాంతి దళంతో ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్ళారు. అక్కడ ఒక చిన్న ఆసుపత్రి రేకుల కప్పు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేసింది ఆయనే. ఆ గుర్తున్న చోటిని ఏ పక్షమూ కొట్టకూడదు. యుద్ధానికి కూడా అట్లాంటి కట్టుబాట్లు ఉన్నాయని నాకు మొదట చెప్పింది మామే. గుర్తు వేసి ఊరుకోక, ఎదురుగా ఉన్న కొండెక్కి చూశారట. కంటికి సరిగా ఆనడం లేదనిపించి, దిగొచ్చి ఇంకా పెద్దది చేసి, మళ్ళీ ఎక్కి చూసుకున్నారట.

కొన్నాళ్ళకే పట్టపగలు ఆ కొండ మీద నుంచే ఫిరంగి గుండ్లు వచ్చి ఆసుపత్రి మీద పడ్డాయి. బతికినవాళ్ళను మామ తన లారీలో ఎక్కించుకున్నారు. వాళ్ళలో ఒక బాలింత ఉంది. బిడ్డ దక్కింది, తల్లి దారిలోనే పోయింది.

ఇది ఎన్నిసార్లు చెప్పినా అవే మాటలు. మా నాయన దొంగను తరిమిన కథలో ఏటికేడు దొంగలు పెరిగేవాళ్ళు గానీ, మామ కథలో ఒక్క గుండు పెరగలేదు. ఆయన దిగులల్లా ఒకటే, అడిగేవాళ్ళు రాకముందే తాను పోతానేమోనని. "సచ్చినోళ్ళు చెప్పలేరు కోడలా. చూసినోడు కూడా చెప్పకపోతే ఏమీ జరగనట్టే కదా" అనేవారు.

ఏ కబురు మోసుకొచ్చినా ముందు ఆయన అడిగేది, "చూసినావా, విన్నావా?" అని. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే ఆడవాళ్ళం కూడా ఒకరినొకరం అదే మాటతో ఎగతాళి చేసుకునేవాళ్ళం. ఎగతాళి అయితేనేం, మా సందులో సగం చాడీలు ఆ మాటకే చచ్చిపోయాయి.

ఒకసారి అర్ధవీడు దగ్గర గొర్రెలు కందిచేలో పడ్డాయని రైతు కర్రతో కాపరి చెయ్యి విరగ్గొట్టాడు. పంచాయితీకి మామను పెద్దమనిషిగా పిలిచారు. మా నాయనతో నేనూ వెళ్ళాను. మా వైపు రాజీ ఎట్లా ఉంటుందంటే, అయిందేదో అయిందని ఇద్దరి చేతులూ కలిపించి, టీ తాగించి పంపేస్తారు. టీ వచ్చింది. మామ ఆ గ్లాసులు పక్కన పెట్టించి, ఎవరు చేసింది వాళ్ళు ముందు చెప్పాలి, ఎదుటివాడి తప్పు ఎత్తకూడదు అన్నారు. టీ చల్లారి మీగడ కట్టింది. పెద్దలు విసుక్కుంటే మామ, "నివురు మీద చాప పరిచి పండుకోమంటే ఎట్ల? కింద నిప్పుండాది" అన్నారు. చాలాసేపటికి రైతే నోరు విప్పి, చెయ్యి అడ్డం పెట్టినా ఆగకుండా కొట్టానన్నాడు. అప్పుడు కాపరి, కంచె తీసింది తానేనన్నాడు. ఆసుపత్రి ఖర్చు, చేను నష్టం ఆ తర్వాత తేల్చారు. మరుసటి ఎండాకాలం ఎరువు కోసం ఆ రైతు అదే కాపరిని పిలిచి, అదే చేలో మంద పెట్టించుకున్నాడు. ఈ రోజుకీ పెట్టించుకుంటున్నాడు.

చివరికి మామను అడిగేవాళ్ళు వచ్చారు. ఆ ఫిరంగులు పేల్చిన దళం నాయకుడి మీద ఎక్కడో యూరప్‌లో కేసు నడుస్తోందట. మామ గుండె జబ్బు మనిషి, అంత దూరం పోలేరు కాబట్టి వీడియోలో సాక్ష్యం తీసుకుంటామన్నారు. దానికి నా నెట్ సెంటర్ లోపలి గది కుదిరింది.

మేం ఏం చేశామనుకున్నారు? విదేశీ కోర్టు మా మామను పిలిచిందంటే సన్మానమే అనుకున్నాం. షామియానా వేశాం, పూలదండ తెచ్చాం, సందంతా చందాలేసుకుని జరీ అంచు శాలువా కొన్నాం. కోర్టు తరఫున వచ్చినామె అది చూసి బిత్తరపోయి, గదిలో సాక్షి తప్ప ఇంకెవరూ ఉండకూడదని అందరినీ బయటికి పంపి తలుపేసింది.

తలుపైతే వేసింది గానీ, లారీ ఇంజను పక్కన బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎట్లా వస్తుంది? ప్రతి మాటా కిటికీలోంచి సందులోకి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ట్యాంకరు మోటారు ఆగింది. ఇళ్ళలో మిక్సీలు ఆగాయి. మేమంతా షామియానా కింద బొమ్మల్లా నిలబడ్డాం.

మామ తెలుగులోనే చెప్పారు. ఉర్దూలో అయితే ఎక్కడ అందం కలుస్తుందోనని భయమట. కొండ మీద నుంచి ఆ గుర్తు కనపడుతుందా అని అడిగినట్టున్నారు. "కనపడతాది. నేనే ఎక్కి చూసినా" అన్నారు. తర్వాత అడిగింది మాకు వినపడలేదు. జవాబు మాత్రం వినపడింది. "లేదు. ఆ నాయకుడు కాల్చమని చెప్పడం నేను వినలేదు. ముందురోజు ఆ కొండ మీద చూసినా. ఆ రోజు చూడలేదు."

షామియానా కింద ఉసూరుమన్నారు. ఒక్క అబద్ధంతో వాడికి శిక్ష పడిపోయేది కదా అని గొణిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మామ బయటికి రాగానే ఆ మాటే అన్నాను. ఆయన కోప్పడలేదు. "వాళ్ళు కట్టుబాటు తప్పినారని చెప్పేదానికి పోయి, నేను తప్పితే ఎట్ల కోడలా?" అన్నారు. ఆ మాటకు నేను తలెత్తి ఆయన్ను చూశాను. రోజూ పాలప్యాకెట్ పట్టుకుని మా గుమ్మం ముందు పోయే మనిషే. ఆ రోజు నాకు ఆయన పక్కన నిలబడాలంటే బెరుకేసింది.

శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. సాక్షికి శాలువాలేంది, తీర్పొచ్చినాక కప్పండి అన్నారు. అట్లా అది నా బీరువాలో చేరింది. అప్పటి నుంచి రోజూ పాలకు పోతూ గుమ్మంలో ఆగి, "వచ్చిందా?" అనేవారు. రాలేదు మామా అంటే, తలూపి, నిదానంగా చూసి ఇయ్యనీలే అనుకుంటూ పోయేవారు.

శుక్రవారం జనాజా భుజాలకెత్తే ముందు మావాళ్ళు ఆ శాలువా తెచ్చి పైన కప్పబోయారు. అత్త లేచి నిలబడి, "తీర్పు రాలేదు కదా నాయనా. ఆయన మాట మనమెట్ల కాదంటాం?" అంది. మడత విప్పకుండానే నాకు తిరిగి ఇచ్చేసింది.

ఈ పొద్దున షట్టరు తీసేసరికి పాలప్యాకెట్ పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"వచ్చిందా?" అంది.

రాలేదత్తా అన్నాను. ఆయనలాగే తలూపింది. లోపలికొచ్చి, సాక్ష్యం చెప్పిన రోజు ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చుని, బీరువాలోంచి శాలువా తీయించుకుంది. అదే మడతలో ఉంటే జరీ చిట్లుతుందని ఒళ్ళో పరిచి, మడత మార్చి, అరచేత్తో మెల్లగా సాపు చేస్తూ ఉండిపోయింది.