నమలలేని బియ్యం

భయమేస్తే మీ నోరు ఎండిపోదా?

మొయినాబాద్‌లో మా గల్లీ వినాయక మండపంలో వెండి హారతి పళ్లెం కనిపించకుండా పోయింది. కమిటీ పెద్దమనిషి అందరి చేతుల్లో మంత్రించిన బియ్యం పోసి నమలమన్నాడు. దొంగ నోట్లో బియ్యం తడవవని నమ్మకం. గల్లీ ఇళ్లల్లో పని చేస్తూ మండపం కూడా ఊడ్చే అవ్వ పొడి గింజలే ఉమ్మింది.

“భయపడితే ఎవరికైనా నోరు ఎండుతది, అన్నా,” అన్నాను.

“నీ సైన్సు గండిపేట కాలేజీల చెప్పుకో సారూ. బియ్యం అబద్ధమాడయి,” అన్నాడాయన. అందరూ నవ్వారు.

“నేను తియ్యలే బిడ్డా,” అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

నిమజ్జనం నాడు విగ్రహాన్ని లేపితే, వెనక పోగుపడిన వాడిన పూల కింద పళ్లెం దొరికింది. అవ్వకు క్షమాపణ చెబుదామన్నాను. “దొరికింది గద, ఇంక లొల్లెందుకు,” అన్నారు కమిటీవాళ్లు. బియ్యం నాడే ఆమెను పని మాన్పించిన ఇళ్లల్లో ఏ ఇల్లూ మళ్లీ పిలవలేదు. గది ఖాళీ చేసి చేవెళ్ల వైపు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. కమిటీలో ఇప్పటికీ ఆ పెద్దమనిషే ఉన్నాడు. ఇన్నేళ్లుగా నేను వాదించి ఎవరి మనసూ మార్చలేకపోయాను, ఇకముందు మార్చగలనన్న ఆశా లేదు.

మీ గల్లీలో బియ్యం పంచితే నమలకండి. అందరి ముందూ నేల మీద పారబోయండి, పక్కవాళ్ల చేతా పారబోయించండి.