రాతి యోధుడి మనవడు

వంశాలు తనిఖీ చేసే రాజుగారి అధికారి వస్తున్నాడని తెలిసిన రోజునుంచి జెర్వాస్ స్కెల్బీకి ముద్ద దిగలేదు. లింకన్‌షైర్ చిత్తడి నేలల్లో అతనికున్నది కాస్త పొలం, గొర్రెల మంద, ‘దొరగారూ’ అనే పిలుపు. ఆ పిలుపు నిలవాలంటే పుట్టుక రుజువు కావాలి. లేకపోతే, వీడు దొర కాడని సంతలో దండోరా వేయిస్తారు.

చర్చిలో సమాధి మీద ముక్కు అరిగిపోయి పడుకున్న రాతి యోధుడే తమ మూలపురుషుడని అతని తండ్రి చెప్పుకొచ్చాడు, అతనూ చెప్పుకొచ్చాడు. పాత సంగతులు తెలిసినవాళ్లలో ఇక మిగిలింది మేనత్త థొమసిన్ ఒక్కతే.

“ఆ ముక్కులేనాయనతో నాకు చుట్టరికం కలుపుతావురా? మీ తాత ముక్కయితే మనిషికంటే ముందు గుమ్మం దాటేది,” అందామె.

“నవ్వకత్తా. ఆయనే మన మూలపురుషుడని నువ్వు ప్రమాణం చేయకపోతే పరువు సంతపాలవుతుంది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇవాళో రేపో పైవాడి ముందు నిలబడేదాన్ని. సరే, చెబుతాలే.”

అధికారి చర్చిలో యోధుడి డాలు తడిమి చూశాడు. “సాక్షి ఎవరు?”

థొమసిన్ బైబిలు మీద చెయ్యి పెట్టింది. ఆమె చూపు ఎదుటి గోడ మీదే ఉంది. ఆమె చిన్నతనంలో ఆ గోడ మీద నరకం బొమ్మ ఉండేది, తర్వాత దానిమీద సున్నం కొట్టేశారు. అబద్ధపు సాక్షుల్ని దయ్యాలు నాలుకలు పట్టి ఎలా ఈడ్చేవో జెర్వాస్‌ని ఒళ్లో పెట్టుకుని చెప్పింది ఆమే.

“వద్దత్తా, చెయ్యి తియ్యి,” అన్నాడు జెర్వాస్. “అయ్యా, ఈయనెవరో మాకు తెలియదు. మా తాత ఎడ్లు తోలేవాడు.”

“ఈ జిల్లాలో రాతి తాతలు చాలామందికే ఉన్నారు లెండి,” అంటూ అధికారి పేరు కొట్టేశాడు.

దండోరా రోజున జెర్వాస్ కాళ్లీడ్చుకుంటూ సంతకు వెళ్లాడు. దాక్కుంటే ఇంకా నవ్వుతారని భయం. తన పేరు వినబడగానే మాంసం కొట్టు గుంజ పట్టుకున్నాడు. నిన్నటిదాకా టోపీ తీసి నిలబడే కొట్టువాడు ఈసారి తియ్యలేదు.

“ఏమయ్యా స్కెల్బీ, తొడమాంసమా, కాళ్లా?”

“కాళ్లు,” అన్నాడు అతను.

“ఎవరైనా రాళ్లేశారా?” అని అడిగింది అత్త, అతను ఇంటికి రాగానే.

“లేదు. పేరు పెట్టి పిలిచారు.”

“అంతేనా.”

అంతే అనుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆదివారం చర్చిలో, ఇన్నాళ్లూ దొరగా తను కూర్చున్న ముందు బల్ల వైపు చూడకుండా వెనక వరసలో కూర్చున్నాడు. ఎవరు తల తిప్పినా ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. అత్త మాత్రం అతని భుజం మీద తల వాల్చి, ప్రసంగం మొదలు కాకముందే నిద్రపోయింది.