గుడ్డ బిగించిన కడుపు

మా చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. కడుపుతో ఉన్నవాళ్లను అక్కడ పనిలోంచి తీసేసేవారు. అందుకని ఏడో నెల దాకా అర్ధాకలితో ఉండి, పొట్ట కనపడకుండా గుడ్డ బిగించుకుంది. రోజూ పొద్దున్నే ఆ ముడి వేసింది నేనే.

ముప్పై ఏళ్లకే దాని కూతురికి షుగరు వచ్చింది. కడుపులో ఉండగా తిండి చాలకపోతే బిడ్డ ఒంటికి పొదుపు అలవాటై, పెద్దయ్యాక ఇలా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"అంటే పుట్టకముందే నన్ను పస్తు పెట్టావన్నమాట, అమ్మా!" అంది పిల్ల.

"ఆ పస్తుల జీతంతోనేనే నీకు పాలడబ్బాలు కొన్నది," అని కసిరాను.

"నువ్వూరుకో అక్కా. అదన్నదాంట్లో తప్పేముంది?" అంది చెల్లెలు.

ముగ్గురం ఒకరినొకరం దెప్పుకుంటూనే ఇల్లు చేరాం. ఫ్యాక్టరీవాణ్ణి మాత్రం ఒక్కరమూ తిట్టలేదు, ఇంత నోరున్న నేను కూడా.