ఫ్రీజర్‌లో బీట్‌రూట్, మా సుధక్క

నిన్న పొద్దున ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కబోతుంటే ఫోన్ వచ్చింది. సుధక్క లేదట. హార్ట్ ఎటాక్.

ఆటోలో వనస్థలిపురం వాళ్ళింటికి చేరేదాకా అబద్ధమనే అనుకున్నా. మొన్న సాయంత్రమే కదా, టీలో చక్కెర ఎక్కువేసుకున్నానని స్టాఫ్ రూమ్‌లో నాకు క్లాస్ పీకింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సుధారాణి మేడం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. నేను జువాలజీ. ఆమెది తెనాలి, మాది నల్గొండ. నా యాసను ఆటపట్టించేది. నేను ఆమె టిఫిన్ బాక్స్ ఖాళీ చేసి కక్ష తీర్చుకునేదాన్ని.

ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాసేసుకోవడమే చాలాచోట్ల. ఆమె దగ్గర ఆ పప్పులుడకవు.

ఒకసారి మా చైర్మన్ ల్యాబ్ తీసేసి కోచింగ్ క్లాస్‌రూమ్ చేద్దామనుకున్నారు. సుధక్క ఒక్క మాటే అడిగింది, "ఒక్క ప్రాక్టికల్ చూసి అప్పుడు చెప్పండి సార్."

బీట్‌రూట్ ముక్కలు కోసి, రంగు పోయేదాకా కడిగి, చల్లటి నీళ్ళలో కొన్ని, వేడి నీళ్ళలో కొన్ని వేయాలి. వేడికి కణ త్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర, దెబ్బతిని లోపలి ఎరుపు బయటికొస్తుంది. చల్లటి ట్యూబ్‌లో నీళ్ళు తేటగా ఉండాలి.

ఉండలేదు. అన్నిటికంటే అదే ఎర్రగా అయింది.

సంగతేంటంటే, చల్లటి ట్యూబ్ కోసం కడిగి ఫ్రిజ్‌లో పెట్టమన్న ముక్కలు పాడైపోతాయేమోనని మా అటెండర్ యాదమ్మ ముందురోజే ఫ్రీజర్‌లోకి తోసింది. పాపం, మంచికే. అక్కడే అందరి ముందూ ఒప్పేసుకుంది.

"ఏంది మేడం, సల్లటిది తేటగుంటదన్నరు. ఫెయిలైనట్టే గదా," అన్నారు చైర్మన్.

వేరే ముక్కతో మళ్ళీ చేసేయమని సుధక్క చెవిలో చెప్పా. ఆమె నా వంక కూడా చూడలేదు.

"ఫెయిల్ కాలేదు సార్. కనిపించింది ఇదే. ఎందుకో పిల్లల్నే అడుగుదాం."

ఒక అమ్మాయి లేచింది. "మేడం, మా ఇంట్ల ఫ్రీజర్ల టమాటలు గడ్డకట్టినయ్. బయట పెడితే మెత్తగై నీళ్ళు కారినయ్. గిది గూడ గట్లనేనా?"

"అదేనమ్మా. లోపలి నీళ్ళు గడ్డకడితే ఆ మంచు, కణం చుట్టూ ఉన్న పొరను చీల్చేస్తుంది. వేడికీ పాడవుతుంది, మరీ చలికీ పాడవుతుంది."

చైర్మన్ ఆ ట్యూబ్‌ను వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. "ఇంకోసారి చెయ్యుండ్రి మేడం, నేను గూడ చూస్త," అన్నారు. ల్యాబ్ జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు.

అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఒక ట్యూబ్ ఫ్రీజర్ ముక్కకే. పెట్టేది యాదమ్మే. వేరేవాళ్ళు ముట్టుకుంటే సుధక్క ఊరుకునేది కాదు.

రేపు ఫస్ట్ ఇయర్ వాళ్ళకి అదే ప్రాక్టికల్. సెలవు ఇద్దామా అని ప్రిన్సిపాల్ అడిగారు. వద్దన్నా. బోటనీ నా సబ్జెక్ట్ కాదు, అయినా చేయిస్తా. పక్కనే నిలబడి అన్నేళ్ళు చూశాను, నాకు వచ్చు.

ఇందాక యాదమ్మ ఏడుస్తూనే ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టింది.

వెళ్ళిరా అక్కా. ల్యాబ్ తాళం నా దగ్గరుంది. నువ్వు నిశ్చింతగా నిద్రపో.