రాగి చేలో తెల్ల అంగీ

నాకు కోపం ఎక్కువ, నవ్వు అంతకంటే ఎక్కువ. హోసూరులో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. చంక దగ్గర బిగుతుగా ఉందని ఎవరైనా గొణిగితే, "కుట్టు బిగుసుకోలేదమ్మా, నువ్వే పెరిగినావు" అని మొహం మీదే అనేసి, వాళ్ళకంటే ముందు నేనే పగలబడి నవ్వేదాన్ని. అలాంటి నేను రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని, మందు ఎక్కించుకుంటూ మధ్యలో కరోనా కూడా తగిలించుకుని, రెండింటి నుంచీ బతికి బయటపడి, చివరికి ఒక ప్లాస్టిక్ అంగీకి భయపడి కూర్చున్నాను.

అంగీ అంటే ఆ రోజుల్లో ఆసుపత్రివాళ్ళందరూ తొడుక్కున్న తెల్ల ముసుగు అంగీ. నెత్తి నుంచి కాలి దాకా ఒకటే తొడుగు, ముందు జిప్పు, కళ్ళకు అద్దాలు. కృష్ణగిరిలో నన్ను కరోనా వార్డులో పెట్టినప్పుడు, మనిషి మొహం అంటూ నాకు కనబడింది పక్క మంచం ఆవిడది ఒక్కటే. ఆవిడకీ క్యాన్సరే. నేను టైలర్నని తెలియగానే ముక్కుకి గొట్టం ఉండగానే జాకెట్టుకి ఆర్డరిచ్చింది.

"వెనక హుక్కులొద్దమ్మా, తాళ్ళు పెట్టు. తాళ్ళకి కుచ్చులు యాలాడాల. మా ఆయన తిడితే తిట్టనీ. ఈడ్నుంచి బతికి పోయినానంటే నేనింక ఎవురి మాటా వినేది లేదు."

"రంగు ఏం పెట్టేది?"

"చిలకపచ్చ. కుచ్చులు మాత్రం ఎర్రగా ఉండాల."

మంచం దిగకుండా కంటితోనే కొలతలు తీసుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు తెల్ల అంగీలవాళ్ళు వచ్చి, ఆవిడని తెల్ల సంచిలో పెట్టి జిప్పు లాగేశారు. అది నా వృత్తిలో రోజూ వినే చప్పుడే. ఆ రోజు తర్వాత ఆసుపత్రి గేటు కనబడితే చాలు, అదే చప్పుడు చెవిలో మోగేది. గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు, కాళ్ళు అక్కడే పాతేసినట్టు నిలబడిపోయేవి. షాపులో జిప్పు పని ఒప్పుకోవడమే మానేశాను.

కరోనా పోయింది. అంగీలూ పోయాయి. నా భయం మాత్రం అద్దె కట్టకుండా అలాగే కాపురముంది. "స్కాన్ తియ్యకుండా జబ్బు మళ్ళీ వచ్చిందో లేదో చెప్పడానికి నాకు జోస్యం రాదమ్మా" అన్నాడు డాక్టరు ఫోనులో. స్కాన్ కోసం కృష్ణగిరి బస్సెక్కేదాన్ని, గేటు దాకా పోయేదాన్ని, ఎదురుగా ఉన్న హోటల్లో మసాలా దోసె తిని తిరుగు బస్సెక్కేదాన్ని. ఇంట్లో అడిగితే మిషను చెడిపోయిందని చెప్పేదాన్ని. "దానికంటే నీ కుట్టు మిషనే మేలు కదా" అని మా ఆయన జాలిపడేవాడు.

నా సంగతి కనిపెట్టి ఆ డాక్టరే నన్ను ఒక గుంపులో పడేశాడు. అందరూ క్యాన్సర్ వాళ్ళే, అందరూ కరోనా వార్డు చూసినవాళ్ళే. ఆసుపత్రిలో అయితే సగంమంది రారని, కృష్ణగిరిలో ఒక మామిడికాయల మండీ పైన గది తీసుకుని శుక్రవారం శుక్రవారం కూర్చోబెట్టేవారు. కింద మామిడిపళ్ళ వాసన, పైన మా ఏడుపులు. మమ్మల్ని నడిపించే కౌన్సిలర్ మేడమ్ చిన్నపిల్ల. మా పక్క తెలుగే మాట్లాడేది.

"ఇది పిరికితనం కాదమ్మా. అప్పటి గండం దాటిపోయిందని మీ బుద్ధికి తెలుసు, మీ ఒంటికే ఇంకా తెలీదు. ఒంటికి మెల్లగా చెప్పల్ల" అంది మొదటిరోజు. ఒంటికి చెవులు ఎక్కడున్నాయని అడిగాను. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు కోసమే మళ్ళీ శుక్రవారం వెళ్ళాను, ఒప్పుకుంటాను.

మెల్లగా చెప్పడం అంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఒక వారం ఆ తెల్ల అంగీని ప్యాకెట్లో ఉన్నదున్నట్టే తెచ్చి బల్ల మీద పెట్టింది. మేమందరం కుర్చీలతో సహా గోడకి అతుక్కుపోయాం. మరో వారం ప్యాకెట్టు విప్పింది. ఆ తర్వాత ఇంటిపని ఇచ్చింది: ఇద్దరిద్దరికి ఒక జంట, జంటకొక అంగీ తీసుకుపోవాలి, రోజూ కళ్ళెదుట ఉండేచోట వేలాడదీయాలి, చూస్తూ చూస్తూ అలవాటు పడాలి.

నాకు జంట జవళగిరి నుంచి వచ్చే అక్క. అడివి అంచున రాగి చేను ఆవిడది, గొంతు క్యాన్సర్ వచ్చి తగ్గింది, మాట బొంగురు. "మా ఇంట్లో మేకు కొట్టడానికి గోడ లేదక్కా, నువ్వే తీసుకుపో" అని తెలివిగా ఆవిడ సంచిలో కుక్కేశాను. పాపం, అలాగే తీసుకుపోయింది.

నాలుగు రోజులకే ఫోను. ఆ బొంగురు గొంతులో నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "సూదీ దారం ఎత్తుకోని రామ్మా. అంగీ చినిగిపోయింది. మేడమ్‌కి ఎట్ల చూపించేది?" అంది.

డెంకణికోటలో బస్సు మారి వెళ్ళాను. అక్క రోడ్డు మీదే ఎదురొచ్చింది, నడుస్తూ అంతా చెప్పింది. మేడమ్ ఏమో రోజూ కనబడేచోట పెట్టమంది. అక్క పొద్దు పొడిచింది మొదలు చేలోనే ఉంటుంది. "నేనింట్లో యాడుంటానమ్మా? అందుకే చేన్లో పెట్టినాను" అంది. పెట్టడం అంటే మామూలుగా కాదు. కర్రలు కట్టి, అంగీలో పాత గడ్డి కూరి, కుండ తలకాయ పెట్టి, ఆ కుండకి కళ్ళద్దాలు కూడా తొడిగి, దారి పక్కనే దిష్టిబొమ్మలా నిలబెట్టింది. అలవాటుకి అలవాటు, పిట్టలకి కాపలా.

పొద్దున్నే పాల సొసైటీకి పోతున్నవాళ్ళు దాన్ని చూశారు. కరోనావాళ్ళు మళ్ళీ వచ్చారని క్యాన్లు అక్కడే వదిలేసి పరుగు. ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్నాయి. దగ్గుతో ఉన్న ఒక ముసలాయన్ని ఇంటివాళ్ళు గడ్డివామి వెనక దాచిపెట్టారు. పంచాయతీ ప్రెసిడెంటు మూతికి తుండుగుడ్డ చుట్టుకుని స్కూటరు మీద వచ్చి, దూరంగా నిలబడి రెండు చేతులూ జోడించాడట.

"సార్, మా ఊర్లో ఎవురికీ జొరం లేదు సార్!"

బొమ్మ పలకలేదు. ప్రభుత్వం వాళ్ళంటే అంతేలే అనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పాడట. తాగడానికి మజ్జిగ తెప్పించమంటారా అని కూడా అడిగాడట. అప్పుడు అక్క చేలోంచి కొడవలితో లేచి, "దానికి మూతి లేదప్పా, నాకు ఇయ్యి మజ్జిగ" అంది. ఇది వినేసరికి నేను దారి మధ్యలో కూలబడి కడుపు పట్టుకున్నాను.

"మరి చించింది ఎవరక్కా? ఊళ్ళో వాళ్ళా?"

"ఏనుగు. మర్నాడు తెల్లారేసరికి వచ్చి, దాని చుట్టూ ఉండే రాగులంతా మేసి, కాలు పట్టి పెరికేసి పోయింది. ఊరంతా భయపడింది గానీ అది మాత్రం భయపడలా."

నవ్వుతూనే మలుపు తిరిగాను. ఎదురుగా అది. గాలికి చేతులు ఊపుతోంది, గరగరమంటోంది. నవ్వు ఆగిపోయింది. కాళ్ళు మళ్ళీ పాతుకుపోయాయి. అక్క నా పక్కనే నిలబడి చెయ్యి పట్టుకుంది. కాసేపటికి నా టైలరు బుద్ధి నన్ను కాపాడింది. ఆ అంగీకి భుజాలు ఎక్కడివో చేతులు ఎక్కడివో పొంతన లేదు. కాళ్ళ మధ్య కుట్టు మోకాళ్ళ దాకా జారింది. ఎవడు కత్తిరించాడో గానీ వాడికి మనిషి ఆకారం తెలియదు. ఇంత దిక్కుమాలిన కుట్టుకా నేను ఇన్నాళ్ళు భయపడింది అని ఒళ్ళు మండిపోయింది. కోపంతోనే దాని దాకా నడిచాను.

"జిప్పు తియ్యమ్మా. గడ్డి తీస్తేనే కుట్టేకి అవుతుంది" అంది అక్క. నా మొహం చూసి, "నేను తియ్యనా?" అంది.

నేనే తీస్తానన్నాను. జిప్పు పట్టుకుని గొంతు నుంచి కిందికి లాగాను. అదే చప్పుడు. లోపల గడ్డి ఉంది, అంతే. గడ్డి జలజలా నా కాళ్ళ మీద పడింది, దానితోపాటు ఒక ఎలుక నా పాదం మీదికి దూకింది. ఇద్దరం కెవ్వుమని చేలోకి పరుగెత్తాం. అక్క పరుగెత్తుతూనే, ఆ బొంగురు గొంతుతో, "సార్, మాకెవురికీ జొరం లేదు సార్!" అని అరిచింది.

రాగి మొక్కల మధ్య పడి ఎంతసేపు నవ్వామో. ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చింది. పక్క మంచం ఆవిడ కోసం నేను అప్పటిదాకా ఏడవలేదు, భయపడటానికే తీరిక సరిపోయింది. కుచ్చుల జాకెట్టు సంగతి అక్కకి చెప్పాను. అక్క కొంగుతో నా మొహం తుడిచి, "మరి కుట్టలేదా?" అని అడిగింది. కుట్టలేదు. ఆ సాయంత్రం అంగీ కాలు కుట్టి, గడ్డి కూరి, జిప్పు నేనే వేసి వచ్చాను.

ఇంటికొచ్చి చిలకపచ్చ గుడ్డ తీశాను. ఆవిడ చెప్పినట్టే వెనక తాళ్ళు, ఎర్ర కుచ్చులు. కొలతలు మాత్రం నావి, రొమ్ము తీసేసిన పక్క లోపల దూది మెత్త పెట్టి కుట్టాను. "ఈ వయసులో ఇదేమి వేషమే?" అన్నాడు మా ఆయన. "నేనింక ఎవురి మాటా వినేది లేదు" అన్నాను. ఆ మాట అరువుదని ఆయనకి తెలియదు.

రిపోర్టు బాగానే వచ్చిందని ఇక్కడే చెప్పేస్తున్నాను, ఉత్కంఠ పెట్టడం నాకు చేతకాదు. ఆ జాకెట్టు వేసుకుని, అక్కని వెంటబెట్టుకుని స్కాన్‌కి వెళ్ళాను. గేటు దగ్గర జిప్పు చప్పుడు మళ్ళీ వినబడింది. కాళ్ళు ఆగాయి. దోసె హోటలు వైపు నా కళ్ళు పోవడం అక్క చూసింది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, వాచ్‌మన్ని చూసి, "సార్, మా ఊర్లో..." అని మొదలుపెట్టింది. అంతే, నవ్వు ఆపుకోలేక, ఆమె పరువూ నా పరువూ కాపాడదామని ఆమెని లోపలికి లాక్కుపోయాను. లాక్కుపోయాక గానీ గేటు దాటినట్టు నాకు తెలియలేదు.

స్కాన్ గదిలో అబ్బాయి మూతికి మాస్కు ఉంది. "ఒంటిమీద హుక్కులు, జిప్పులు ఏమైనా ఉండాయామ్మా?" అని అడిగాడు.

"ఒక్కటీ లేదప్పా, తాళ్ళే" అన్నాను.

బల్ల మీద పడుకున్నాను. కుచ్చులు వీపు కింద ఒత్తుకున్నాయి. పక్కకి జరుపుకోమన్నాడు ఆ అబ్బాయి. నేను జరుపుకోలేదు.