పాఠాలు టేపు చేసిన టీచర్ గారు

మా సోషల్ టీచర్ గారు పోయారని మొన్న ఉదయం ప్రేయర్ బెల్లు కాకముందే కబురొచ్చింది. గుణదలలో మట్టి చేసి వచ్చాం. పటమటలోని మా ఆడపిల్లల బడిలో ఆవిడ పక్క కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్నాను. పాఠం చెప్పడమంటే ఏమిటో ఆవిడను చూసే నేర్చుకున్నాను. అయినా మీకు చెప్పుకోవలసింది నా తప్పు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. చూపు బాగానే ఉంది, బుర్ర చురుకు. పుస్తకం తెరిస్తే మాత్రం 'ప' ఏదో 'వ' ఏదో తేలేది కాదు. ఎన్ని బెత్తం దెబ్బలు తిన్నా అంతే. అందరం మొద్దన్నాం. నేనూ అన్నాను.

టీచర్ గారు అనలేదు. "చదవలేకపోతే విననివ్వండమ్మా. ఏ దారిన లోపలికి పోతే ఏం?" అనేవారు. ఫంక్షన్లలో పాటల కోసం కొన్న టేప్ రికార్డర్ హెడ్మిస్ట్రెస్ గారి బీరువాలో ఉండేది. దాన్ని అడిగి తీసుకుని, మధ్యాహ్నం భోజనం మానుకుని, పాఠాలన్నీ తన గొంతుతో ఎక్కించారు. దగ్గొస్తే మళ్ళీ మొదటినుంచి. పిల్ల మీట నొక్కి, వెనక్కి తిప్పుకుని వినేది. మూడు నెలలకు ఏ ప్రశ్న అడిగినా గడగడా చెప్పేసేది.

పబ్లిక్ పరీక్షలో ఎవరైనా ప్రశ్నలు చదివిపెట్టేందుకు అనుమతి కోసం టీచర్ గారు విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగారు. "కళ్ళున్న పిల్లకి ఎందుకండీ?" అని పంపేశారు.

పరీక్షనాడు ఆ గదిలో ఇన్విజిలేటర్‌ని నేనే.

"రాయడానికి ఎలాగో తంటాలు పడుతుంది. ప్రశ్నలు మెల్లగా చదివిపెట్టమ్మా" అని టీచర్ గారు వరండాలో అడిగారు.

సరే అనలేకపోయాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పరీక్ష అయ్యేదాకా ఆ పిల్ల కాగితం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పిల్ల తప్పింది. ఇంట్లోవాళ్ళు బడి మాన్పించి, గుడివాడ దగ్గర పెద్దమ్మ ఊరికి నాట్లకు పంపేశారు. బడిలో ఆ టేపుల మీద ఆగస్టు పదిహేను పాటలు ఎక్కించేశారు. "మళ్ళీ చదువుతాను, గొంతుందిగా" అన్నారు టీచర్ గారు. నన్ను ఒక్క మాటా అనలేదు. "పదమ్మా, వెళ్ళి తీసుకొద్దాం" అని నన్నే బస్సెక్కించారు.

పిల్ల బురద కాళ్ళతో గట్టెక్కి వచ్చింది.

"ఈసారి పరీక్షలో చదివిపెడతారా టీచర్?"

టీచర్ గారు నావైపు చూడలేదు. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. పిల్ల తలమీద చెయ్యి వేశారు.

కాసేపు చూసి పిల్ల మళ్ళీ చేలోకి దిగింది. వరసగా వంగిన ఆడవాళ్ళలో తనెవరో తెలియకుండా పోయింది. బస్సుకు వేళయిందని రెండుసార్లు చెప్పాను. టీచర్ గారు గట్టుమీదే నిలబడి, ఆ వంగిన వీపుల్ని ఒక్కొక్కటే వెతుకుతూ ఉన్నారు.